యుద్ధకాల సంకీర్ణం: 1940 బ్రిటిష్ మంత్రివర్గంలో ప్రత్యర్థుల స్థానం

1940 మే 10న విన్‌స్టన్ చర్చిల్ ఏర్పరచిన సంకీర్ణ ప్రభుత్వాన్ని జాతీయ ఐక్యతకు నిదర్శనంగా పేర్కొనడం పరిపాటి. పాత వైరాలను మరచిన నాయకుని ఔదార్యమే ఆ వర్ణనలో ప్రధానంగా కనిపిస్తుంది. ఆనాటి పార్లమెంటులోని బలాబలాలను పరిశీలిస్తే మాత్రం ప్రత్యర్థులను చేర్చుకోవడంలో ఔదార్యం కంటె అవసరం పాలే అధికమని తెలుస్తుంది.

నార్వేలో ఎదురైన సైనిక వైఫల్యంపై మే 8న కామన్స్ సభలో జరిగిన ఓటింగులో ఛేంబర్లేన్ ప్రభుత్వం 81 ఓట్ల ఆధిక్యంతో నెగ్గింది. రెండు వందలకు పైబడవలసిన ఆధిక్యం అంతగా క్షీణించడం పరాజయంతో సమానమే. ఆయన నాయకత్వంలో పనిచేయడానికి లేబర్ పార్టీ నిరాకరించడంతో పదవి నుంచి వైదొలగక తప్పలేదు. ప్రధాని మారినా కన్సర్వేటివుల మనసు మారలేదు. మే 13న సభలో స్వపక్షీయుల హర్షధ్వానాలు కొత్త ప్రధానికంటె ఛేంబర్లేన్‌కే ఎక్కువగా దక్కాయి. పార్టీ నాయకత్వం సైతం అక్టోబరు వరకు ఆయనదే. స్వపక్షంలో పట్టు లేని ప్రధానికి ఎదుటి పక్షమే ఊతమైంది.

ఆ ఊతం విలువ రెండు వారాలలోనే తేలింది. ఐదుగురు సభ్యుల యుద్ధ మంత్రివర్గంలో చర్చిల్‌తో పాటు ఛేంబర్లేన్, హాలిఫాక్స్, లేబర్ నాయకులు అట్లీ, గ్రీన్‌వుడ్ ఉండేవారు. మే 26 నుంచి 28 వరకు, ఫ్రాన్సు కూలిపోతున్న వేళ, ఇటలీ మధ్యవర్తిత్వంతో సంధి అవకాశాలను పరిశీలించాలని హాలిఫాక్స్ వాదించాడు. ఛేంబర్లేన్ కొంత ఊగిసలాడాడు. అట్లీ, గ్రీన్‌వుడ్ యుద్ధం కొనసాగించే పక్షాన నిలిచారు. ఆ రెండు స్థానాలూ కన్సర్వేటివులకే దక్కి ఉంటే చర్చిల్ ఒంటరి అయ్యే ప్రమాదం ఉండేది.

ఎర్నెస్ట్ బెవిన్ నియామకం ఇంతకంటె ఆసక్తికరం. 1926 సార్వత్రిక సమ్మెలో ఇద్దరూ ఎదురెదురుగా నిలిచారు: రవాణా కార్మిక సంఘ నాయకుడు బెవిన్ సమ్మెను నడిపిన వారిలో ముఖ్యుడు; ఆర్థికమంత్రి చర్చిల్ సమ్మెకు వ్యతిరేకంగా 'బ్రిటిష్ గెజెట్' అనే ప్రభుత్వ పత్రికను నడిపాడు. ఆ బెవినే 1940లో కార్మికశాఖ మంత్రి అయ్యాడు. అప్పటికి ఆయన పార్లమెంటు సభ్యుడు కూడ కాడు. జూనులో గాని సభలో ప్రవేశించలేదు. మే 22న చేసిన అత్యవసరాధికారాల చట్టం ఏ వ్యక్తినైనా ఏ పనికైనా నియోగించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. కన్సర్వేటివ్ మంత్రి చేతిలో ఇది శ్రామికులకు నిర్బంధంగానే తోచేది. బెవిన్ దాన్ని ఆచితూచి వాడాడు. కర్మాగారాలలో భోజనశాలలు, సంక్షేమాధికారులు ఉండేట్లు యాజమాన్యాలపై ఒత్తిడి తెచ్చాడు. శ్రామికుల సహకారానికి ఇది ప్రతిఫలమనవచ్చు. అక్టోబరులో ఆయనకు యుద్ధ మంత్రివర్గంలోనూ స్థానం లభించింది.

ప్రత్యర్థులతో పదవులు పంచుకునే ఈ నీతి సామ్రాజ్యానికి వర్తించలేదు. ప్రజాప్రతినిధులను సంప్రదించకుండానే భారతదేశాన్ని యుద్ధంలోకి దించినందుకు నిరసనగా, ప్రకాశం రెవెన్యూమంత్రిగా ఉన్న మద్రాసులోని రాజాజీ మంత్రివర్గం 1939 అక్టోబరులోనే రాజీనామా చేసింది. 1942లో క్రిప్స్ రాయబారం విఫలమైంది. ఆ ఆగస్టులో కాంగ్రెసు కార్యవర్గమంతా నిర్బంధానికి గురైంది; పట్టాభి సీతారామయ్య అహమద్‌నగర్ కోటలో బందీ అయ్యాడు. ఈ చర్యలు చేపట్టిన ప్రభుత్వంలో లేబర్ మంత్రులూ భాగస్వాములే.