మూడు మైళ్లు పైకి, మూడు మైళ్లు కిందికి

1942 వేసవిలో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో కొత్త పారాట్రూపర్ల పటాలం ఒకటి మొదలైంది: 506వ పారాచూట్ ఇన్‌ఫంట్రీ రెజిమెంట్. శిబిరం పేరు క్యాంప్ టూంబ్స్. అది రాబర్ట్ టూంబ్స్ అనే పాత కాన్ఫెడరేట్ జనరల్ పేరు. కానీ ఇంగ్లీషు చెవికి ఆ మాట వింటే గుర్తొచ్చేది సమాధులే. పైగా దగ్గర్లోనే శవపేటికలు చేసే కంపెనీ. విమానంలోంచి దూకడం నేర్చుకుందామని వచ్చే ఇరవయ్యేళ్ల కుర్రాళ్లకి దొరికిన స్వాగతం ఇదీ! కల్నల్ రాబర్ట్ సింక్ పట్టుబట్టి, పక్కనున్న ఊరి పేరు పెట్టించి, దాన్ని క్యాంప్ టొకోవా చేశాడు.

మన పేపర్లు మొరాల్ అన్న మాటకి 'నైతిక స్థైర్యం' అని రాస్తాయి. నాకెప్పుడూ నచ్చని అనువాదం. అందులో నీతి ఏముంది? పక్కవాడు ఆగకపోతే నేనూ ఆగను అనే మొండితనం అది. టొకోవాలో దాన్ని తయారు చెయ్యడానికి దొరికిన పనిముట్టు, శిబిరాన్ని ఆనుకుని ఉన్న కరహీ కొండ.

కొండ అంటే ఏ హిమాలయమో ఊహించుకోకండి. దాని ఎత్తు సముద్రమట్టానికి 1,735 అడుగులు. హైదరాబాద్‌లో మనం చాయ్ తాగే చోటు కూడా ఇంచుమించు అంత ఎత్తులోనే ఉంటుంది. కాకపోతే చుట్టూ తగ్గు నేల, మధ్యలో ఇదొక్కటే. చెరోకీల భాషలో ఆ పేరుకి 'ఒంటరిగా నిలబడింది' అని అర్థం చెబుతారు. మూడు మైళ్లు పైకి, మూడు మైళ్లు కిందికి. నడక కాదు, పరుగు. ఆ పేరే పటాలం నినాదమైంది, కొండ బొమ్మ వాళ్ల చిహ్నంలోకెక్కింది. మిగతా పారాట్రూపర్లు దూకేటప్పుడు 'జెరోనిమో' అని అరిస్తే వీళ్లు 'కరహీ' అని అరిచేవాళ్లు. జెరోనిమో అదే అమెరికా సైన్యంతో పోరాడి, 1909లో దాని ఖైదీగానే చనిపోయిన అపాచీ యోధుడు. జార్జియాలో మిగిలిన చెరోకీలని 1838లో పడమటికి తరిమింది కూడా ఆ సైన్యమే. దారిలో వేలమంది పోయారు. తరిమినవాళ్ల మాటల్లోంచే ధైర్యం తెచ్చుకోవడం గురించి అక్కడ పరిగెత్తిన కుర్రాళ్లు ఆలోచించి ఉంటారనుకోను.

'బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్' చూసినవాళ్లకి ఈజీ కంపెనీ, దాని కెప్టెన్ హెర్బర్ట్ సోబెల్ తెలుసు. ఆ సిరీస్‌కి మూలం స్టీఫెన్ ఆంబ్రోస్ 1992లో వేసిన పుస్తకం. అందులో ఒక మధ్యాహ్నం గురించి రాశాడు. ఇవాళ పరుగు లేదని చెప్పి, కడుపునిండా స్పగెట్టీ తిననిచ్చి, వెంటనే కొండెక్కమన్నాడు సోబెల్. వెనకే అంబులెన్సు. ఎక్కినవాడు ఇంటికే. కుర్రాళ్లు వాంతులు చేసుకుంటూ పరిగెత్తారు. బటన్ సరిగ్గా లేదనో, తుపాకీ మీద మరకుందనో వీకెండ్ సెలవులు పీకేసేవాడు సోబెల్. యూదుడు కావడంతో అతని మీద ద్వేషానికి కొంత మరో రంగు కూడా ఉండేది. ఆ సంగతి మరవకూడదు.

ఆ డిసెంబర్‌లో జపాన్ సైన్యం నడక రికార్డు గురించి చదివిన సింక్, మావాళ్లు అంతకంటే బాగా నడుస్తారని రెండో బెటాలియన్‌ని అట్లాంటాకి నడిపించాడు. 118 మైళ్లు, 75 గంటలు, వానా బురదా. ఆంబ్రోస్ లెక్క ప్రకారం 586 మందిలో ఆగిపోయినవాళ్లు 12 మంది.

ఇక్కడే నాకు ఆసక్తి. సోబెల్ కోరుకున్నది విధేయత. కొండ ఇచ్చింది ఇంకోటి. ఒకే మనిషిని తిట్టుకుంటూ, ఒకే దారిలో రొప్పుతూ, వాళ్లు ఒకళ్లకొకళ్లు విధేయులయ్యారు. 1943 చివర్లో ఇంగ్లండ్‌లో, మరుగుదొడ్ల తనిఖీ చెప్పిన టైముకి చెయ్యలేదన్న సాకుతో సోబెల్ లెఫ్టినెంట్ రిచర్డ్ వింటర్స్‌కి శిక్ష వెయ్యబోయాడు. వింటర్స్ కోర్టు మార్షల్ కావాలన్నాడు. అప్పుడు ఈజీ కంపెనీ సార్జెంట్లు కూడబలుక్కుని, మా పదవులు వద్దు, ఈ కెప్టెన్ కింద యుద్ధానికి వెళ్లం అని ఎవరి ఉత్తరం వాళ్లు రాసి సింక్‌కి పంపారు. యుద్ధకాలంలో అది తిరుగుబాటు కిందే లెక్క. కాల్చేసే శిక్ష కూడా పడొచ్చు. అది తెలిసే రాశారు. స్పగెట్టీ తిని కొండెక్కిన రోజు అంబులెన్సు ఎక్కనివాళ్లే వీళ్లు.

తర్వాత్తర్వాత, ఈజీ కంపెనీని తయారుచేసింది సోబెలేనని వాళ్లలో కొందరు ఒప్పుకున్నారు. నిజమే కావచ్చు, అతను అనుకున్న పద్ధతిలో మాత్రం కాదు.

సింక్ సార్జెంట్లని గట్టిగా చీవాట్లు పెట్టాడు, ఒకరిద్దరి మీద వేటు వేశాడు. సోబెల్‌ని మాత్రం కంపెనీ నుంచి తప్పించి చిల్టన్ ఫోలియట్ అనే ఊళ్లో డాక్టర్లకీ పాదిరీలకీ పారాచూట్ దూకడం నేర్పే బడికి పంపేశాడు.