బోల్తాపడు బండ్ల కథ

పల్నాటి రైతునకు బండి ఒరగుట క్రొత్త సంగతి కాదు. ఇరుసు విరిగినను, ఎద్దు బెదరినను బండి ప్రక్కకు వాలెడిది. కాని ఎద్దు నడక మెల్లనిది గనుక దూకి బయటపడుటకు వ్యవధి యుండెడిది. 1967 ఆగస్టులో నాగార్జునసాగరము కాలువలకు నీరు వదలిరి. పిమ్మట ఈ సీమలో పంటలు మారినవి; క్రమముగా ఎద్దుల చోటికి ట్రాక్టరు వచ్చినది. యంత్రము దూకుటకు వ్యవధి నీయదు.

ఈ సత్యమును అమెరికా వారు ఒక వినోదపు బండివలన నేర్చుకొనిరి. అచ్చట చలికాలమున మోటారుసైకిళ్ళ బేరము మందగించెడిది. మంచులోను ఇసుకలోను నడచు బండి కావలెనని వర్తకులు కోరగా, జపానుకు చెందిన హోండా సంస్థ 1970లో మూడు చక్రముల బండి నొకదానిని అమ్మజూపెను. బుడగలవంటి లావు చక్రములు గల ఆ బండికి బాటతో పనిలేదు. పిల్లలు సైతము దానినెక్కి గుట్టలపై పరుగులు తీసిరి.

ప్రమాదము దాని నిర్మాణములోనే యున్నది. మోటారుకారు మలుపు తిరుగునపుడు లోపలి చక్రముకంటె వెలుపలి చక్రము ఎక్కువగా తిరుగును. ఈ బండి వెనుక చక్రములు రెండును ఒకే ఇరుసునకు బిగింపబడి సమానముగా తిరుగును. ఎక్కినవాడు తన బరువును ఒడుపుగా జరుపనిచో బండి మలుపు తిరుగక తిన్నగా పోవును. లేదా బోల్తాకొట్టి వానిమీదనే పడును. తలలు పగిలి, వెన్నెముకలు దెబ్బతిని ఎందరో ఆసుపత్రుల పాలైరి. వారిలో పిల్లలు పెక్కుమంది. తుదకు 1988లో ప్రభుత్వముతో కుదిరిన ఒడంబడికచే తయారీదారులు మూడు చక్రముల బండ్ల విక్రయము మానిరి. నాలుగు చక్రముల పెద్దబండ్లను పదునారేండ్ల లోపువారు నడుపరాదనియు, ఒక్కనికై చేసిన బండిపై రెండవవానిని ఎక్కించుకొనరాదనియు హెచ్చరికలు వెలసినవి.

అంతకు పూర్వమే, 1959లో, స్వీడను దేశము క్రొత్త ట్రాక్టరులకు నడుపువానిని కాపాడు ఉక్కుచట్రము ఉండితీరవలెనని శాసించెను. జాగ్రత్తగా నడుపుడని చెప్పి ఊరకుండలేదు. కాలక్రమమున ఆ దేశమున ట్రాక్టరు క్రింద నలిగి మరణించుట మిక్కిలి అరుదైనది.

ఇక మన సీమకు వత్తము. 2025 ఫిబ్రవరిలో పల్నాడు జిల్లా ముప్పాళ్ళ మండలము బొల్లవరము దగ్గర, మిరపకోతలనుండి మరలుచున్న కూలీల ట్రాక్టరు బోల్తాపడి నలుగురు స్త్రీలు మరణించిరి. నడుపువానికి చట్రమున్నను, వెనుక ట్రక్కులో కూర్చున్నవారికి అది రక్షణ కాదు. ట్రక్కు బస్తాలకై చేసినది, మనుష్యులకై కాదు. ఒక పనికై చేసిన బండిని వేరొక పనికి వాడుటయే అచ్చటను, ఇచ్చటను కీడు తెచ్చినది.

అమెరికాలో గాయపడినవారు వేడుకకై ఎక్కిరి. మన స్త్రీలు కూటికై ఎక్కిరి. వాకిట ట్రక్కు నిలిచినపుడు ఎక్కనని చెప్పినచో ఆమెకు ఆనాటి కూలి లేదు. కావున ఎక్కవద్దని ఆమెకు బోధించుట చాలదు. మనుష్యులు కూర్చుండదగిన బండిని కుదుర్చుట పని చేయించుకొనువాని విధి.