సెకండ్ హ్యాండ్ సూపర్ కారు: ధర సగానికి పడినా ఖర్చు ఎందుకు పడదు? యారాడ ఘాట్ ఎక్కే ముందు చూసుకోవాల్సిన లెక్క ఇదే

సింధియా దాటి డాల్ఫిన్ నోస్ కొండ మీదుగా యారాడ వెళ్లే ఘాట్ రోడ్డు.. విశాఖలో బండి ఉన్నవాళ్లు ఒక్కసారైనా ఎక్కి దిగిన దారి. మూడు వైపులా కొండలు, ఒక వైపు సముద్రం. ఫోన్‌లో సూపర్ కార్ల వీడియోలు చూసేవాళ్లకు ఇలాంటి రోడ్డే కళ్ల ముందు మెదులుతుంది. సరిగ్గా అప్పుడే ‘నాలుగు కోట్ల కారు రెండు కోట్లకే’ అని ఓ ప్రకటన కనిపిస్తే? అపార్ట్‌మెంట్ కొనాలనుకున్నవాళ్లు కూడా ఒక్క క్షణం ఆగుతారు.

కానీ అసలు సంగతి వేరే ఉంది. ధర రెండు కోట్లకు దిగినా, అది నాలుగు కోట్ల కారే. దాని బ్రేకులు, టైర్లు, బంపర్, గేర్‌బాక్స్ ఏవీ సగం రేటుకు రావు. తరుగుదల అమ్మకం ధరకే.. మెయింటెనెన్స్‌కు కాదు.

ఇంతకీ ఆ నాలుగు కోట్లు ఎలా అయ్యాయి?

ఫెరారీ, లంబోర్గినీ లాంటి కార్లు మన దగ్గర తయారు కావు. పూర్తిగా తయారైన కారుగానే ఓడలో వస్తాయి. మన పోర్టుకు చేరేసరికి రవాణా, బీమాతో కలిపి విలువ కోటి రూపాయలు అనుకుందాం. 40 వేల డాలర్లు దాటిన కార్ల మీద దిగుమతి సుంకాలు అన్నీ కలిపి 110 శాతం. అంటే 2.10 కోట్లు. దాని మీద 40 శాతం జీఎస్టీ, అంటే ఇంకో 84 లక్షలు. మొత్తం 2.94 కోట్లు. ఇందులో కంపెనీ, డీలర్ లాభం ఇంకా కలపనే లేదు. ఆపైన లైఫ్ ట్యాక్స్. తెలుగు రాష్ట్రాల్లో ఖరీదైన కార్లకు ఇది ధరలో దాదాపు ఐదో వంతు. అంటే మరో 50 లక్షల పైమాటే. కోటి రూపాయల కారుకు పన్నులే రెండు కోట్ల పైన అన్నమాట.

అందుకే సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో ఓ వింత జరుగుతుంది. పాత కారు ధరను కారు వయసు ఒక్కటే నిర్ణయించదు. ఈ రోజు అలాంటి కొత్త కారు కొనాలంటే ఎంత అవుతుంది అన్నదే ఎక్కువగా నిర్ణయిస్తుంది. లంబోర్గినీ హురాకాన్‌నే తీసుకోండి. 2014లో మన దేశంలో దీని ఎక్స్ షోరూమ్ ధర 3.43 కోట్లు. 2019లో వచ్చిన హురాకాన్ ఈవో 3.73 కోట్లు. దాని స్థానంలో 2025లో వచ్చిన టెమెరారియో.. ఏకంగా 6 కోట్లు! కొత్తది ఆరు కోట్లయినప్పుడు పాత హురాకాన్ యజమాని ఊరికే తగ్గించి ఎందుకు అమ్ముతాడు? పైగా టెమెరారియోలో ఉన్నది టర్బో హైబ్రిడ్ ఇంజిన్. టర్బో లేని వీ10 ఇంజిన్ సౌండ్ కావాలనుకునేవాళ్లకు మిగిలింది పాత కార్లే. హురాకాన్ ధర నిలబడటానికి ఇది కూడా ఓ కారణం.

ఇన్సూరెన్స్ వాళ్ల లెక్క వేరు

బీమా పాలసీలో ఐడీవీ అని ఉంటుంది. కారు పూర్తిగా పోతే కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం అదే. దీనికి మోటార్ టారిఫ్‌లో ఓ పట్టిక ఉంది. ఆరు నెలల లోపు కారుకు 5 శాతం కోత, ఏడాది లోపు 15 శాతం, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, ఐదేళ్ల లోపు 50 శాతం. ఐదేళ్లు దాటితే కంపెనీ, కారు యజమాని మాట్లాడుకుని విలువ నిర్ణయించుకోవాలి. నాలుగు కోట్ల కారుకు ఐదో ఏట పట్టిక ప్రకారం వచ్చేది రెండు కోట్లు.

లంబోర్గినీకైనా ఆల్టోకైనా ఈ పట్టిక ఒక్కటే. మార్కెట్ మాత్రం అలా చూడదు. పోర్షే 911కి, వెనక భాగంలో ఇంజిన్ ఉండే ఫెరారీలకు ప్రపంచమంతా రీసేల్ బాగుంటుంది. మెక్‌లారెన్ స్పీడ్‌లో ఎవరికీ తీసిపోదు.. కానీ రీసేల్‌లో మాత్రం గట్టిగా దెబ్బ తింటుంది. మాజెరాటీ సెడాన్లదీ అదే కథ. ఎలక్ట్రిక్ పోర్షే టైకాన్ అయితే విదేశాల్లో మొదటి మూడేళ్లలోనే భారీగా పడిపోయి వార్తల్లోకెక్కింది. కొత్త బ్యాటరీ టెక్నాలజీ వస్తున్న కొద్దీ పాతదాన్ని కొనేవాళ్లు వెనకాడటమే కారణం. అందుకే బీమా పట్టిక చూసి ‘ఐదేళ్లలో సగమే కదా పోయేది’ అనుకోవడం పొరపాటు. కొన్ని కార్లకు సగం కంటే తక్కువ పోతుంది, కొన్నింటికి అంతకంటే చాలా ఎక్కువ.

సెలబ్రిటీ కారు అయితే రేటు పెరుగుతుందా? విరాట్ కోహ్లీ ఒకప్పుడు వాడిన 2013 మోడల్ లంబోర్గినీ గల్లార్డో స్పైడర్ 2021లో కొచ్చిలోని ఓ డీలర్ దగ్గర కనిపించింది. తిరిగింది సుమారు 10 వేల కిలోమీటర్లే. అడిగిన ధర 1.35 కోట్లు. పేరుకు పేరు, తక్కువ కిలోమీటర్లు.. అయినా అంతే. పేరు వల్ల వార్త వస్తుంది, కొనేవాళ్లు కాదు.

ఒక్క సంతకంతో లక్షలు మాయం

కారు అరగకుండానే ధర తగ్గే దారి ఇంకోటి ఉంది. ప్రభుత్వం పన్ను మార్చడం! 2025 సెప్టెంబర్ 22కి ముందు పెద్ద కార్ల మీద జీఎస్టీ, సెస్ కలిపి 48 నుంచి 50 శాతం దాకా ఉండేది. ఆ రోజు నుంచి సెస్ లేకుండా 40 శాతం. పైన చూసిన కోటి రూపాయల లెక్కలో 48 శాతం అయితే 3.11 కోట్లు, 40 శాతం అయితే 2.94 కోట్లు. అంటే కొత్త కారు దాదాపు 17 లక్షలు తగ్గింది. సెప్టెంబర్ 21న కొన్నవాళ్ల కారు ఇంటి ముందు నిలబెట్టి ఉండగానే ఆ మేరకు విలువ కోల్పోయింది.

ఇది ఇక్కడితో ఆగేలా లేదు. 2025 జులై 24న భారత్, బ్రిటన్ వాణిజ్య ఒప్పందంపై సంతకాలు చేశాయి. అందులో కోటా పరిమితికి లోబడి బ్రిటన్ కార్ల మీద సుంకాన్ని దశలవారీగా 10 శాతానికి దించే అంశం ఉంది. మెక్‌లారెన్, ఆస్టన్ మార్టిన్, బెంట్లీ, రోల్స్ రాయిస్.. అన్నీ అక్కడివే. ఫెరారీ, లంబోర్గినీ ఇటలీవి, పోర్షే జర్మనీది. యూరోపియన్ యూనియన్‌తో ఒప్పందంలోనూ కార్ల సుంకమే పెద్ద అంశం. ఈ పరిస్థితుల్లో పాత బ్రిటన్ కారుకు నేటి రేటు పెట్టేవాళ్లు, రేపటి కొత్త కారు ధర ఎంత ఉంటుందో కూడా ఆలోచించుకోవాలి. బేరం ఆడటానికి ఇంతకంటే గట్టి పాయింట్ దొరకదు.

యారాడ గాలికి అలుసు ఉండదు

ఇప్పుడు విశాఖ సంగతి. సముద్రం పక్కన ఉంటే ఇనుముకు ఏమవుతుందో ఇక్కడివాళ్లకు చెప్పాల్సిన పని లేదు. గేట్లు, గ్రిల్స్, ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు.. అన్నీ సాక్ష్యాలే. సూపర్ కారు బాడీలో అల్యూమినియం, కార్బన్ ఫైబర్ ఎక్కువ కాబట్టి తుప్పు పట్టదనుకుంటారు. నిజమే, పైకి కనిపించదు. కానీ కింద బోల్టులు, సస్పెన్షన్ జాయింట్లు, ఎగ్జాస్ట్ క్లాంపులు, వైరింగ్ కనెక్టర్లు ఉప్పు గాలిని తట్టుకోవాలి కదా! అల్యూమినియంకు స్టీల్ బోల్టు తగిలిన చోట ఉప్పు తేమ చేరితే తినేయడం ఇంకా త్వరగా జరుగుతుంది. దానికి తోడు పోర్టు, ఫ్యాక్టరీల వైపు నుంచి వచ్చే దుమ్ము. అందుకే కారును లిఫ్ట్ మీద పెట్టి, కింద కవర్లు విప్పి చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకూడదు.

‘చాలా తక్కువ తిరిగింది సార్’ అన్న మాట కూడా పూర్తిగా మంచి మాట కాదు. నెలల తరబడి నిలిపి ఉంచిన కారులో బ్యాటరీ చచ్చిపోతుంది, రబ్బరు సీళ్లు ఎండిపోతాయి, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. టైర్ పక్కన ఉండే నాలుగు అంకెలు చూస్తే విషయం తెలిసిపోతుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైన టైర్ అని అర్థం. గాట్లు ఎంత లోతుగా ఉన్నా, ఆ వయసు టైర్‌తో ఘాట్ మలుపులో వేగం పెంచితే ప్రాణానికే ముప్పు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2015 డిసెంబర్‌లో చెన్నై వరదలు.. అంతకు ముందటి కారు అయితే ఆ రోజుల్లో ఎక్కడ ఉందో అడగాల్సిందే. సీట్ల కింద కార్పెట్ ఎత్తి చూస్తే నీళ్ల మరక అబద్ధం చెప్పదు.

ఇక కొండ ఎక్కడం. ఈ కార్లకు నేల నుంచి ఎత్తు చాలా వరకు 100 నుంచి 130 మిల్లీమీటర్ల మధ్యే. ముందు భాగాన్ని పైకి లేపే లిఫ్ట్ లేకపోతే స్పీడ్ బ్రేకర్ దగ్గరే బంపర్ గీసుకుంటుంది. కాబట్టి లిఫ్ట్ ఉందా, పని చేస్తోందా అన్నది మన రోడ్ల మీద రీసేల్ విలువను నేరుగా మార్చేస్తుంది. బంపర్ పగిలి క్లెయిమ్‌కు వెళ్తే, జీరో డిప్రిసియేషన్ కవర్ లేని మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు 50 శాతం, ఫైబర్ గ్లాస్‌కు 30 శాతం కోత. పాత కార్లకు ఆ జీరో డిప్రిసియేషన్ కవర్ దొరకడమూ కష్టమే. పాత గల్లార్డోల్లో వచ్చిన ఈ-గేర్ క్లచ్ ఎత్తు మీద ఆగి ఆగి కదిలే ట్రాఫిక్‌లో త్వరగా అరిగిపోతుంది. ఆదివారం సాయంత్రం యారాడ నుంచి తిరిగొచ్చే రద్దీ తెలిసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. రిపేర్ వస్తే ఊళ్లోని మెకానిక్‌తో అయ్యే పని కాదు. ఫ్లాట్ బెడ్ లారీ మీద ఎక్కించి వందల కిలోమీటర్లు పంపించాలి. ఆ రవాణా ఖర్చును, ఆ నెలల నిరీక్షణను కూడా కొనే ధరలోనే కలుపుకోవాలి.

కాగితాలు తేడా వస్తే కారే పోతుంది

తుప్పుకు మందుంది.. తప్పుడు కాగితానికి లేదు. లైఫ్ ట్యాక్స్ తక్కువని పుదుచ్చేరి లాంటి చోట్ల రిజిస్టర్ చేయించి ఇక్కడ తిప్పడం పాత కిటుకే. 2021 ఆగస్టులో హైదరాబాద్‌లో తెలంగాణ రవాణా శాఖ పన్ను కట్టని 11 ఖరీదైన కార్లను స్వాధీనం చేసుకుంది. చట్టం ప్రకారం వేరే రాష్ట్రం బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే ఇక్కడి నంబర్ తీసుకోవాల్సిందే. ఎన్‌ఓసీ, కొత్త రిజిస్ట్రేషన్, కారు వయసును బట్టి మళ్లీ లైఫ్ ట్యాక్స్. ఢిల్లీలో చవగ్గా దొరికిన కారు విశాఖ చేరేసరికి చవక కాకుండా పోయేది ఇందుకే.

దిగుమతి కాగితాలది ఇంకా పెద్ద చిక్కు. లగ్జరీ కార్ల విలువ తక్కువ చూపించి సుంకం ఎగ్గొట్టారన్న ఆరోపణపై 2025 మేలో హైదరాబాద్ డీలర్ ఒకరిని డీఆర్ఐ అరెస్టు చేసింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో కేరళలో కస్టమ్స్ అధికారులు ‘ఆపరేషన్ నుమ్‌ఖోర్’ పేరుతో, భూటాన్ నుంచి అక్రమంగా వచ్చాయన్న అనుమానంతో పలు ఖరీదైన వాహనాలను పట్టుకున్నారు. ఇలాంటి దాడుల్లో అధికారులు తలుపు తట్టేది కారు ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో వాళ్ల ఇంటికే. మొదట దిగుమతి చేసుకున్నవాడు అప్పటికి ఎక్కడుంటాడో! అందుకే బిల్ ఆఫ్ ఎంట్రీ కాపీ, సుంకం కట్టిన రసీదు అడగడం మొహమాటపడే విషయం కాదు. ‘తర్వాత పంపిస్తా’ అన్న సమాధానం వస్తే లేచి వచ్చేయడమే.

డీలర్ దగ్గర కొంటే అతని లాభం మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. 1.80 కోట్లకు కొని 2 కోట్లకు అమ్మితే 20 లక్షల మీద 3.60 లక్షలు. ఒక వ్యక్తి తన సొంత కారును నేరుగా మరొకరికి అమ్మితే ఆ పన్ను ఉండదు. అమ్మేవాళ్ల నో క్లెయిమ్ బోనస్ కారుతో పాటు రాదు, అది వాళ్లతోనే పోతుంది.

ఫ్యాన్సీ నంబర్ సంగతీ అంతే. 2021లో జూనియర్ ఎన్టీఆర్ తన లంబోర్గినీ ఉరుస్ కోసం 9999 నంబర్‌ను 17 లక్షలకు తీసుకున్నారన్న వార్త అప్పట్లో మార్మోగింది. అలాంటి నంబర్ ఉందని అమ్మేవాళ్లు రేటు పెంచితే ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. కారు రాష్ట్రం దాటి రిజిస్టర్ అయిన రోజున ఆ నంబర్ ఉండదు, కొత్త సిరీస్‌లో కొత్త నంబర్ వస్తుంది.