పైజమాకి వేలాడే పసుపు అట్ట

ఇండియా నుంచి వచ్చిన అమ్మని వెంటబెట్టుకుని మా చిన్నాడికి కాటన్ పైజమాలు కొనడానికి వెళ్ళాను. "ఎదిగే పిల్లాడు, రెండు సైజులు పెద్దవి తీసుకోవే" అంది. ఆ జతకి వేలాడుతున్న పసుపు అట్ట మాత్రం వేరేలా చెప్తోంది: బట్ట ఒంటికి పట్టినట్టు ఉండాలి, ఇది మంటను ఆపదు, వదులుగా ఉంటే నిప్పంటుకునే అవకాశం ఎక్కువ. "అంటుకుంటుందని రాసి మరీ అమ్ముతారా!" అని అమ్మ ఆశ్చర్యపోయింది.

అమెరికాలో ఈ అట్ట వెనక పెద్ద కథే ఉంది. 1940లలో నూగు రేయాన్‌తో కుట్టిన కౌబాయ్ వేషాలకి నిప్పంటుకుని పిల్లలు చనిపోయారు. ఆ తర్వాతే, 1953లో, మండే బట్టల మీద చట్టం వచ్చింది. 1972 నుంచి చిన్నపిల్లల రాత్రి దుస్తులకి ఇంకా కఠినమైన నియమం పెట్టారు. 3 సెకన్లు మంట తగిలించి తీసేస్తే బట్ట దానంతటదే ఆరిపోవాలి.

ఆ పరీక్ష నెగ్గడానికి చాలా కంపెనీలు బట్టకి ట్రిస్ అనే రసాయనం పట్టించాయి. తల్లులు కూడా పిల్లల క్షేమం కోసమే అవి కొన్నారు. 1977 జనవరిలో బర్క్‌లీ శాస్త్రవేత్తలు ఆర్లీన్ బ్లమ్, బ్రూస్ ఏమ్స్ ఒక వ్యాసం ప్రచురించారు. ట్రిస్ జన్యువుల్ని మారుస్తుందనీ, క్యాన్సర్ కలిగించవచ్చనీ, పిల్లల బట్టల్లో వాడకూడదనీ హెచ్చరించారు. ఏప్రిల్‌లోనే వినియోగదారుల భద్రతా కమిషన్ వాటి అమ్మకాన్ని నిషేధిస్తున్నట్టు ప్రకటించింది. ఆ బట్టలు వేసుకున్న పిల్లల మూత్రంలో ట్రిస్ నుంచి పుట్టిన పదార్థం కనబడిందని 1978లో బ్లమ్ బృందం తేల్చింది. అంటే అది చర్మం గుండా ఒంట్లోకి ఇంకుతోందన్నమాట. ఈలోగా మిగిలిపోయిన సరుకులో కొంత విదేశాలకి వెళ్ళిపోయింది. ఆ ఎగుమతి ఆగింది 1978లోనే.

నాకు బాధ కలిగించేది ఆ తల్లుల సంగతే. చట్టం చెప్పినట్టే చేశారు, నిప్పు నుంచి కాపాడాలనుకున్నారు. ఆ జాగ్రత్తే ఇంకో ప్రమాదం తెచ్చిపెట్టింది.

1996లో కమిషన్ మరో దారి చూపింది. బట్ట ఒంటికి పట్టి ఉంటే పొయ్యికో కొవ్వొత్తికో తగలడం తక్కువ. లోపల గాలి ఉండదు కాబట్టి మంట అంత త్వరగా పాకదు. అందుకే బిగువుగా ఉండే పైజమాలకి ఆ నిప్పు పరీక్ష నుంచి మినహాయింపు ఇచ్చారు. ఏ రసాయనమూ అక్కర్లేదు, కొలత సరిగ్గా ఉంటే చాలు. తర్వాత ఈ అట్ట తప్పనిసరైంది.

ఇదంతా చెప్పి, "దీపావళికి మాకు పట్టు పరికిణీలు వద్దని, పాత నూలు గౌన్లు వేసి, చున్నీలు నడుముకి బిగించి కట్టేదానివి గుర్తుందా?" అన్నాను.

అమ్మ ఒక్క క్షణం ఆగి, చేతిలో ఉన్న పెద్ద సైజు జతని అరలో పెట్టేసింది. "అయితే ఆర్నెల్లకోసారి కొనాల్సిందే" అని నిట్టూరుస్తూనే, వాడి కొలతకి సరిపోయేది తనే వెతికి తీసింది.