కంప్యూటరు ఆటలు: భౌతిక ప్రతులు, డౌన్‌లోడులు

కంప్యూటరు ఆటలను కొనుగోలుదారులకు చేర్చే పద్ధతులు ముఖ్యంగా రెండు. ఆటను క్యాసెట్టు, ఫ్లాపీ, సీడీ, డీవీడీ, కార్ట్రిడ్జి వంటి ఒక వస్తువుపై నమోదు చేసి అంగడిలో అమ్మడం మొదటి పద్ధతి. ఇలా అమ్మిన దానిని భౌతిక ప్రతి అంటారు. అమ్మకందారు సర్వరు నుండి ఇంటర్నెట్టు ద్వారా ఆటను నేరుగా తన యంత్రంలోకి దింపుకోవడం రెండవ పద్ధతి. దీనిని డిజిటల్ డౌన్‌లోడు అంటారు. పైకి ఇది కేవలం సౌకర్యానికి సంబంధించిన తేడాగా కనిపిస్తుంది. కాని డబ్బు చెల్లించిన వ్యక్తికి ఏ హక్కు దక్కుతుంది, ఆ ఆట ఎంతకాలం నిలిచి ఉంటుంది అనే రెండు ముఖ్యమైన ప్రశ్నలు ఇందులో ఇమిడి ఉన్నాయి. ఈ వ్యాసంలో "కంప్యూటరు ఆటలు" అన్న మాటను వ్యక్తిగత కంప్యూటర్లలోను, టీవీకి తగిలించి ఆడే యంత్రాలలోను (వీటిని కన్సోళ్ళు అంటారు) ఆడే ఆటలన్నిటికీ వాడడం జరిగింది.

చరిత్ర

భౌతిక ప్రతుల కాలం

1977లో అమెరికాలో విడుదలైన అటారీ 2600 యంత్రంలో ఆటలు కార్ట్రిడ్జిల రూపంలో వచ్చేవి. కార్ట్రిడ్జి అనగా ఆటను చిప్పులో శాశ్వతంగా నమోదు చేసిన చిన్న ప్లాస్టిక్ పెట్టె. 1982లో వచ్చిన జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్, కమొడోర్ 64 కంప్యూటర్లకు ఆటలు సాధారణ ఆడియో క్యాసెట్లపై కూడా లభించేవి. తరువాత ఫ్లాపీలు వాడుకలోకి వచ్చాయి. 3.5 అంగుళాల ఫ్లాపీలో 1.44 మెగాబైట్ల సమాచారం మాత్రమే పట్టేది కనుక పెద్ద ఆటలకు అనేక ఫ్లాపీలు కావలసి వచ్చేవి. ఉదాహరణకు 1991 నాటి మంకీ ఐలాండ్ 2 ఆట, అమిగా కంప్యూటరు కొరకు 11 ఫ్లాపీలలో వచ్చింది.

1990 దశకంలో సీడీ ఈ ఇబ్బందిని తొలగించింది. ఒక్క సీడీలో సుమారు 650 మెగాబైట్లు పట్టేవి. 1993లో వెలువడిన మిస్ట్, ద సెవెన్త్ గెస్ట్ అనే ఆటలు సీడీ వ్యాప్తికి తోడ్పడ్డాయి. ఆ తరువాత 4.7 గిగాబైట్ల డీవీడీ, 2006లో ప్లేస్టేషన్ 3తో పాటు 25 గిగాబైట్లు, అంతకు మించి పట్టే బ్లూరే డిస్కు వచ్చాయి.

ఆనాటి పెట్టెలో డిస్కుతో పాటు ముద్రిత కరదీపిక, పటాలు, చిన్న వస్తువులు కూడా ఉండేవి. ఇన్ఫోకామ్ సంస్థ 1982లో విడుదల చేసిన డెడ్‌లైన్ అనే అపరాధ పరిశోధన ఆట పెట్టెలో నేరానికి సంబంధించిన పత్రాలు, ఆధారాలు ఉంచారు. దొంగనకళ్ళను అరికట్టడానికి కూడా ఈ కాగితాలు ఉపయోగపడేవి. ఆట మధ్యలో అడిగిన ప్రశ్నకు కరదీపికలో చూసి సమాధానం ఇవ్వవలసి వచ్చేది.

తొలి డౌన్‌లోడు ప్రయత్నాలు

ఆటను తీగల ద్వారా పంపే ఆలోచన ఇంటర్నెట్టు వ్యాప్తి కంటే పాతది. 1983లో కంట్రోల్ వీడియో కార్పొరేషన్ అనే అమెరికా సంస్థ గేమ్‌లైన్ అనే సేవను ప్రారంభించి, టెలిఫోను తీగ ద్వారా అటారీ 2600కు ఆటలను పంపింది. ఈ సేవ నిలవలేదు. కాని ఆ సంస్థ నుండే తరువాతి కాలంలో అమెరికా ఆన్‌లైన్ రూపుదిద్దుకుంది. 1994లో సెగా సంస్థ కేబుల్ టీవీ తీగ ద్వారా సెగా ఛానల్‌ను నడిపింది. యంత్రాన్ని ఆపివేయగానే అందులోకి వచ్చిన ఆట చెరిగిపోయేది. 1995లో జపానులో నింటెండో సంస్థ శాటిలావ్యూ పేరుతో ఉపగ్రహం ద్వారా ఆటలను ప్రసారం చేసింది.

1993 డిసెంబరులో ఇడ్ సాఫ్ట్‌వేర్ సంస్థ డూమ్ ఆటలో మొదటి భాగాన్ని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు సర్వరు ద్వారా ఉచితంగా విడుదల చేసింది. మిగిలిన భాగాలు కావలసినవారు డబ్బు చెల్లించి తెప్పించుకొనేవారు. ఈ పద్ధతిని షేర్‌వేర్ అంటారు.

అప్పటి ఇంటర్నెట్టు వేగమే డౌన్‌లోడుకు ప్రధానమైన అడ్డంకి. సెకనుకు 56 కిలోబిట్ల మోడెముతో ఒక సీడీ పరిమాణం గల ఆటను దింపుకోవాలంటే, ఎక్కడా అంతరాయం లేకపోయినా సుమారు 27 గంటలు పడుతుంది. సెకనుకు 50 మెగాబిట్ల వేగం ఉన్న ఇంటిలో 100 గిగాబైట్ల ఆట దాదాపు నాలుగున్నర గంటలలో దిగుతుంది.

స్టీమ్, ఆ తరువాత

2003 సెప్టెంబరులో వాల్వ్ సంస్థ స్టీమ్ అనే సేవను ప్రారంభించింది. మొదట ఇది తమ ఆటలకు సవరణలు పంపే సాధనంగా ఉండేది. 2004 నవంబరులో విడుదలైన హాఫ్‌లైఫ్ 2 ఆటను పెట్టెలో కొన్నవారు కూడా స్టీమ్‌లో ఖాతా తెరచి, ఆటను నమోదు చేసుకోక తప్పలేదు. డిస్కు చేతిలో ఉన్నప్పటికీ సర్వరు అనుమతి కావలసి రావడం ఈ చరిత్రలో ఒక మలుపు. 2005 నుండి ఇతర సంస్థల ఆటలు కూడా స్టీమ్‌లో అమ్మకానికి వచ్చాయి. పోలండుకు చెందిన సీడీ ప్రాజెక్ట్ సంస్థ 2008లో జీఓజీ అనే దుకాణాన్ని, ఎపిక్ గేమ్స్ సంస్థ 2018లో తమ దుకాణాన్ని తెరిచాయి.

కన్సోళ్ళలో మార్పు నెమ్మదిగా వచ్చింది. 2013లో మైక్రోసాఫ్ట్ సంస్థ, ఎక్స్‌బాక్స్ వన్ యంత్రం 24 గంటలకు ఒకసారి ఇంటర్నెట్టుతో సరిచూసుకోవాలనీ, పాత డిస్కుల అమ్మకంపై పరిమితులు ఉంటాయనీ ప్రకటించింది. కొనుగోలుదారుల నిరసన తీవ్రం కావడంతో అదే ఏడాది జూన్‌లో ఈ నిర్ణయాన్ని ఉపసంహరించుకుంది. ఏడేళ్ళ తరువాత, 2020లో డిస్కు పెట్టే వీలే లేని ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్, ప్లేస్టేషన్ 5 డిజిటల్ ఎడిషన్ యంత్రాలు విడుదలయ్యాయి. 2025లో వచ్చిన నింటెండో స్విచ్ 2లో కొన్ని ఆటల కార్డులలో ఆట ఉండదు, దానిని దింపుకోవడానికి తాళపుచెవి వంటి సంకేతం మాత్రమే ఉంటుంది. ఈ కార్డును మరొకరికి ఇవ్వవచ్చును, కాని డౌన్‌లోడు చేయకుండా ఆడడం వీలుకాదు.

వ్యాపార కారణాలు

పెట్టెలో ఆటను అమ్మాలంటే డిస్కుల తయారీ, ముద్రణ, రవాణా, గిడ్డంగి, చిల్లర వర్తకుని లాభం అనే ఖర్చులుంటాయి. అమ్ముడుపోని సరుకు నష్టం కూడా ప్రచురణకర్తదే. 1982లో ఇ.టి. సినిమా ఆధారంగా అటారీ చేసిన ఆట పెద్ద సంఖ్యలో మిగిలిపోగా, 1983లో వాటితో పాటు ఇతర సరుకును న్యూమెక్సికో రాష్ట్రంలోని అలమగోర్డో పట్టణపు చెత్త పూడ్చే స్థలంలో పాతిపెట్టారు. 2014లో జరిపిన తవ్వకంలో అవి బయటపడ్డాయి.

డౌన్‌లోడులో ఈ ఖర్చులు చాలావరకు ఉండవు. దానికి బదులుగా దుకాణం నడిపే సంస్థ అమ్మకపు ధరలో వాటా తీసుకుంటుంది. ఈ వాటా 30 శాతంగా ఉండడం ఈ రంగంలో ఆనవాయితీ అయింది. ఎపిక్ సంస్థ తన వాటాను 12 శాతంగా ప్రకటించి పోటీకి దిగింది. పెట్టె తయారు చేయించే స్తోమత లేని చిన్న బృందాలు సైతం తమ ఆటలను ప్రపంచమంతటా అమ్ముకోగలగడం డౌన్‌లోడు పద్ధతి వలన కలిగిన గొప్ప మేలు. డౌన్‌లోడు ప్రతిని తిరిగి అమ్మడం సాధ్యం కానందున పాత ప్రతుల మార్కెటు తగ్గి, ప్రచురణకర్తలకు లాభం కలుగుతుంది.

యాజమాన్యం, అనుమతి

ఒక పుస్తకం కొన్న వ్యక్తి దానిని చదివి స్నేహితునికి ఇవ్వవచ్చును, పాత పుస్తకాల అంగడిలో అమ్మవచ్చును. అమెరికాలో ఈ సూత్రం 1908 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో స్థిరపడింది. తమ నవలను ఒక డాలరు కంటే తక్కువకు అమ్మరాదని బాబ్స్ మెరిల్ అనే ప్రచురణ సంస్థ పుస్తకంలోనే అచ్చువేసింది. మొదటి అమ్మకం జరిగిన తరువాత ఆ ప్రతి ధరపై ప్రచురణకర్తకు అధికారం ఉండదని కోర్టు తీర్పునిచ్చింది. దీనినే మొదటి విక్రయ సూత్రం అంటారు. ఆటల విషయంలో 2002లో జపాను సుప్రీంకోర్టు, పాత ఆటలను తిరిగి అమ్మడం చట్టబద్ధమేనని తీర్పు చెప్పింది.

డౌన్‌లోడులో కొనుగోలుదారుకు దక్కేది సాధారణంగా ఆటను వాడుకొనే అనుమతి మాత్రమే. దీనిని లైసెన్సు అంటారు. ఖాతాను ఇతరులకు బదలాయించరాదని, షరతులు ఉల్లంఘిస్తే రద్దు చేయవచ్చునని ఇటువంటి ఒప్పందాలలో నిబంధనలు ఉంటాయి. 2012లో యూరోపియన్ న్యాయస్థానం ఒరాకిల్ సంస్థకు సంబంధించిన వ్యాజ్యంలో, శాశ్వత అనుమతితో కొన్న డౌన్‌లోడు సాఫ్టువేరును తిరిగి అమ్మవచ్చునని తీర్పునిచ్చింది. అయితే ఇది ఆటలకు వర్తిస్తుందా అన్నది వివాదాస్పదమైంది. ఫ్రాన్సులో వినియోగదారుల సంఘం వేసిన వ్యాజ్యంలో 2019లో ప్యారిస్ న్యాయస్థానం స్టీమ్ ఆటలను తిరిగి అమ్మే హక్కును సమర్థించగా, 2022లో పై కోర్టు ఆ తీర్పును త్రోసిపుచ్చింది.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో ఒక చట్టం చేసింది. రద్దు కాగల అనుమతిని అమ్ముతూ, ఆ సంగతి స్పష్టంగా తెలుపకుండా "కొనండి" అనే మాట వాడరాదని ఈ చట్టం నిర్దేశించింది. ఇది 2025 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది.

మూతపడిన దుకాణాలు, ఆగిన సర్వర్లు

డిజిటల్ దుకాణాలు శాశ్వతం కావు. 2006లో మొదలైన నింటెండో వీ దుకాణం 2019 జనవరిలో మూతపడింది. 3డీఎస్, వీ యూ యంత్రాల దుకాణాలలో అమ్మకాలు 2023 మార్చిలో, ఎక్స్‌బాక్స్ 360 దుకాణం 2024 జులైలో నిలిచిపోయాయి. ఇటువంటి సందర్భాలలో, అప్పటికే కొన్నవాటిని తిరిగి దింపుకొనే వీలును సాధారణంగా కొంతకాలం ఉంచుతారు. కాని డౌన్‌లోడుగా మాత్రమే వెలువడిన ఆటలు కొత్తవారికి న్యాయంగా లభించే మార్గం మూసుకుపోతుంది.

దుకాణం నడుస్తూ ఉన్నా ఒక్కొక్క ఆట తొలగిపోవచ్చును. 2010లో వచ్చిన స్కాట్ పిల్‌గ్రిమ్ ఆట 2014 చివర అమ్మకం నుండి తొలగి, 2021లో మాత్రమే తిరిగి వచ్చింది. 2014లో కొనామి సంస్థ ఉచితంగా ఇచ్చిన పి.టి. అనే ఆటను 2015లో తొలగించారు. అప్పటికే దానిని దింపుకొన్న యంత్రాలలో మాత్రమే అది మిగిలింది.

యూబీసాఫ్ట్ సంస్థ 2014లో విడుదల చేసిన ద క్రూ అనే కార్ల పందెపు ఆట సర్వర్లను 2024 మార్చి 31న ఆపివేసింది. ఆ ఆట సర్వరు లేనిదే నడవదు కనుక డిస్కు కొన్నవారి ప్రతులు కూడా నిరుపయోగమయ్యాయి. దీనితో అదే సంవత్సరం స్టాప్ కిల్లింగ్ గేమ్స్ అనే ఉద్యమం మొదలైంది. అమ్మిన ఆటను, సంస్థ తన మద్దతు నిలిపివేసిన తరువాత కూడా ఆడదగిన స్థితిలో ఉంచాలన్నది వీరి కోరిక. ఐరోపాలో వీరి వినతిపత్రంపై సంతకాలు 2025లో 10 లక్షలు దాటాయి.

భౌతిక ప్రతుల పరిమితులు

పెట్టె చేతిలో ఉన్నంత మాత్రాన ఆట భద్రంగా ఉన్నట్లు భావించరాదు.

* ఫ్లాపీలు, క్యాసెట్లలోని అయస్కాంత పూత కాలక్రమంలో క్షీణిస్తుంది. సీడీ, డీవీడీలలో ప్రతిఫలించే పొర పాడైతే చదవడం కష్టమవుతుంది.
* డిస్కు బాగున్నా దానిని చదివే పరికరం దొరకకపోవచ్చును. కొత్త కంప్యూటర్లలో చాలావాటికి సీడీ పెట్టే అర ఉండదు.
* నకళ్ళను అడ్డుకొనే ఏర్పాట్లే అవరోధం కావచ్చును. సేఫ్‌డిస్క్ అనే రక్షణ గల పాత డిస్కుల ఆటలు 2015లో వచ్చిన విండోస్ 10లో నేరుగా నడవవు.
* 2008లో వచ్చిన స్పోర్ ఆటను మొదట మూడు పర్యాయాలు మాత్రమే కంప్యూటర్లలో నమోదు చేసుకొనే వీలుండేది. విమర్శల తరువాత దానిని ఐదుకు పెంచారు.
* విడుదలైన తరువాత వచ్చే సవరణలు డిస్కులో ఉండవు.

దీనికి భిన్నంగా, జీఓజీ దుకాణంలో కొన్న ఆటల ఫైళ్ళను దింపుకొని దాచుకుంటే, వాటిని స్థాపించుకోవడానికి సర్వరు అనుమతి అవసరం లేదు. కనుక ఆట నిలుస్తుందా లేదా అన్నది అది డిస్కా, డౌన్‌లోడా అన్నదానిపై కంటే, ఇతరుల సర్వరుతో నిమిత్తం లేకుండా నడవగలదా అన్నదానిపై ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

పరిరక్షణ

అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, 2010కి ముందు ఆ దేశంలో విడుదలైన ఆటలలో 87 శాతం అంగడిలో లభించడం లేదు. పరిశోధకులు ఇటువంటి ఆటలను గ్రంథాలయాల నుండి దూరంగా ఉండి వాడుకొనేందుకు మినహాయింపు కోరగా, 2024లో అమెరికా కాపీరైటు కార్యాలయం నిరాకరించింది. ఫ్రాన్సులో 1992 నాటి చట్టం ప్రకారం పుస్తకాల వలెనే ఆటల ప్రతులను కూడా జాతీయ గ్రంథాలయానికి సమర్పించవలసి ఉంటుంది.

భారతదేశంలో 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురణకర్తలు తమ ప్రతి పుస్తకాన్ని కలకత్తాలోని జాతీయ గ్రంథాలయానికి, మరి మూడు గ్రంథాలయాలకు పంపాలి. తెలుగు పుస్తకాలు కూడా ఇలాగే భద్రపడుతున్నాయి. 1957 నాటి కాపీరైటు చట్టం కంప్యూటరు ప్రోగ్రామును సాహిత్య కృతిగా పరిగణిస్తుంది. కాని 1954 చట్టం పుస్తకాలకు, పత్రికలకు సంబంధించినది. కంప్యూటరు ఆటలు దాని పరిధిలోకి రావు.

భారతదేశంలో వ్యాప్తి

భారతదేశంలో ప్రజలకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న అందుబాటులోకి వచ్చింది. తొలి సంవత్సరాలలో ఫోను తీగపై వచ్చే వేగం తక్కువ కనుక ఆటలు ఎక్కువగా సీడీల ద్వారానే చేతులు మారేవి. 2015లో స్టీమ్ రూపాయలలో ధరలు ప్రకటించింది. 2016లో జియో రాకతో మొబైలు డేటా ధరలు బాగా తగ్గాయి. వీటితో డౌన్‌లోడు పద్ధతి సామాన్యులకు చేరువైంది.

ఇవి కూడా చూడండి

* కాపీరైటు
* సీడీ
* గ్రంథాలయము