అరసవల్లి నుంచి ఉద్దానం దాకా: రోగుల లెక్క ఎవరిది?

అరసవల్లి సూర్యదేవాలయాన్ని 7వ శతాబ్దంలో తూర్పు గాంగరాజు దేవేంద్రవర్మ కట్టించాడని చెబుతారు. రాజు పేరు నిలిచింది. కంటిజబ్బుతో, చర్మవ్యాధితో వచ్చి ఆదివారాలు మొక్కులు చెల్లించుకున్న జనం పేర్లు నిలవలేదు. ఏ రోగం ఎవరిని పీడించిందో చెప్పగల చరిత్ర ఆ మొక్కుల్లోనే అణగిపోయింది.

గుడికి రోగి రావాలి. సర్వే రోగి దగ్గరికి వెళ్లాలి. 1955లో మొదలైన జాతీయ కుష్ఠువ్యాధి నియంత్రణ కార్యక్రమం సర్వే, ప్రచారం, చికిత్సల మీద నిలబడింది. ఇల్లిల్లూ తిరగడం అందులో భాగం.

వ్యాపారికీ సర్వే ఉంది. టానిక్కు ఎవరు కొంటారో తెలుసుకోవడానికి అది జనాన్ని ఆదాయాన్నిబట్టి, వయసునుబట్టి విడదీస్తుంది. కొనలేనివాడు ఆ లెక్కలోకి రాడు. ఆరోగ్య పరిశోధన మొదలుకావలసింది సరిగ్గా అతని దగ్గరే.

ఇదే జిల్లాలోని ఉద్దానం ఇందుకు సాక్ష్యం. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో కొబ్బరి, జీడితోటల మధ్య చాకిరీ చేసే రైతులకు, కూలీలకు మూత్రపిండాలు చెడిపోతున్నాయి. మధుమేహం, రక్తపోటు లేనివారినీ జబ్బు వదలలేదు. పరిశోధకులు నీటిని, ఎండదెబ్బను, నొప్పిమాత్రలను శంకించారు. ఇదీ కారణమని ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధనా కేంద్రం ప్రారంభమయ్యాయి.

ఆసుపత్రి అవసరమే. కాని లక్షణాలు బయటపడేసరికి మూత్రపిండం చాలావరకు పోయి ఉంటుంది. అందుచేత కూలివాడి గుమ్మంలోనే ముందుగా రక్తపరీక్ష జరగాలి. రోగి నడిచి వచ్చేదాకా కూర్చునే వైద్యానికీ, మొక్కుకోసం ఎదురుచూసే గుడికీ పెద్ద భేదం లేదు.