మార్గరీటా, ముత్యాలమ్మ

నేటి బహ్రెయిన్‌ను పూర్వం టైలోస్ అనేవారు. క్రీ.శ. 77 నాటి తన ప్రకృతి చరిత్రలో రోమను పండితుడు ప్లినీ అది ముత్యాలకు మిక్కిలి పేరుపడ్డ ద్వీపమని వ్రాశాడు. ముత్యానికి లాటిన్ మాట మార్గరీటా. అదే ఫ్రెంచిలో మార్గరీత్, ఇంగ్లీషులో మార్గరెట్ అయింది. పదహారవ శతాబ్దపు కవయిత్రి, నవార్ రాణి పేరు మార్గరీత్. ఎదిత్ పియాఫ్ పాటలకు బాణీలు కట్టిన మొనో పేరూ మార్గరీతే.

మరి మన ఇళ్లలో? ముత్యాలు, ముత్యాలమ్మ! ఓడ దిగిననాడు గుమాస్తా తన చెవికి తోచినట్లు వ్రాసుకున్న ఈ పేర్లను మన పిల్లలు కొందరు మోటుపేర్లని దాచుకుంటారు. మార్గరెట్ అంటే మాత్రం మర్యాద! అర్థం ఒక్కటే గదా. గురజాడ అప్పారావుగారు 1910లో తెచ్చిన కొత్త నడకకు కూడా ముత్యాల సరమనే పేరు.

బహ్రెయిన్ ముత్యం వెనుక కథ మనకు మరీ దగ్గరిది. చిప్పలకోసం సముద్రంలో మునిగేవారికి పడవ నాయకుడు ముందుగా సొమ్ము ఇచ్చేవాడు. లెక్క అతని చేతిలోనే. బాకీ తీరనివాడు మరుసటి ఏడూ ఆ పడవే ఎక్కాలి. చనిపోతే బాకీ కొడుకు మీద పడేది. తోటల్లో ఒప్పందపు కాగితం మీద వేలిముద్ర వేసినవారి మనుమలకు ఇంతకంటె విప్పి చెప్పాలా? మునిగేవాడి దగ్గరా లెక్కపుస్తకం ఉండాలన్న నిబంధన 1920లలో గాని రాలేదు. ఇంతలో జపాను పెంపుడు ముత్యాలు, ఆర్థికమాంద్యం ఆ వ్యాపారాన్ని పడగొట్టాయి. 1932లో అక్కడ చమురు పడింది. మునిగేవారిలో చాలామంది ఆ పనికి మళ్లారు.